రాజశేఖరం కారు మన ఊరికి రాలేదు

గద్వాలలోనో, వనపర్తిలోనో, నాగర్‌కర్నూలులోనో ఓ పాత ఇంటికి సున్నం వేయించాలని సామాన్లన్నీ వాకిట్లో పెడతారు. అటక మీది నుంచి ఓ ఇనుప సందుగ దిగుతుంది. మూత తీస్తే పైన పెళ్లినాటి చీర. దాని కింద రెండు ఇత్తడి గిన్నెలు, ఫొటోల కవరు. అన్నిటికన్నా అడుగున పుస్తకం లాంటిది ఒకటి. అట్ట ఉండదు. వారం వారం పత్రికలోంచి జాగ్రత్తగా చించి, వరస తప్పకుండా పేర్చి, దబ్బనంతో పొడిచి, దారంతో కుట్టిన సీరియల్ పేజీలు. మధ్యలో ఒక వారం పేజీలు లేవు. ఆ వారం పత్రిక ఊళ్లోకి రాలేదో, పక్కింటివాళ్లు పట్టుకెళ్లి తిరిగివ్వలేదో!

ఆ సందుగలోని చీర గద్వాలదే అయితే దాని సంగతీ చెప్పుకోవాలి. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ రెండింటినీ అతుకు తెలియకుండా కలపడమే గద్వాల నేతగాడి పనితనం. సీరియల్ పేజీలు కుట్టుకున్న ఆ ఇల్లాలూ అలాంటి పనే చేసింది. పొయ్యికీ బావికీ మధ్య గడిచే నూలు బతుకుకి ఓ పట్టు అంచు వేసుకుంది.

ఆ కుట్టిన పేజీలను చూసి చాలామంది నవ్వారు. ‘వంటింటి సాహిత్యం’ అన్నారు. ‘మధ్యాహ్నం కునుక్కి ముందు చదివే కథలు’ అన్నారు. నవ్వినవాళ్లలో చాలామంది వాటిని చదవలేదు. చదివిన ఆడవాళ్లు ఆ సంగతి పైకి చెప్పుకోలేదు. ఈ ఆదివారం ఆ సందుగ దగ్గర కాసేపు కూర్చుందాం. అందులో ఇప్పటికీ చదవదగ్గవి ఏవి? ఆ తర్వాత వచ్చిన వాటిలో ఇంటికి తెచ్చుకోవలసినవి ఏవి? ఇంకో ప్రశ్న కూడా ఉంది, అది కొంచెం గుచ్చుకుంటుంది. అన్ని ప్రేమకథలు చదివిన మన పాలమూరు ఆడపడుచులకు, వాటిలో తమ ఊరు ఎక్కడైనా కనిపించిందా?

ఒకరు చదివితే నలుగురు వినేవారు

1960ల నుంచి 80ల చివరి దాకా తెలుగు నవలకు రాజ్యం ఉండేది. దాన్ని ఏలింది రచయిత్రులు. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి వారపత్రికలు, జ్యోతి, యువ మాసపత్రికలు సీరియల్స్ మీదే నడిచాయి. ఎమెస్కో పాకెట్ పుస్తకాలు సంచిలో పట్టేంత చిన్నవిగా వచ్చాయి. 1978లో మొదలైన ‘చతుర’ నెలకో నవల ఇచ్చింది. 1984లో స్వాతి వారపత్రిక వచ్చింది. గద్వాలకు రైలుంది కాబట్టి పత్రికల కట్టలు రైలు దిగేవి. వనపర్తికి రైల్వే స్టేషన్ ‘వనపర్తి రోడ్’ అనే పేరుతో ఊరికి దూరంగా ఉంది. రైలే లేని నాగర్‌కర్నూలుకు ఏదొచ్చినా బస్సు మీదే రావాలి. పత్రిక కోసం బస్టాండు దాకా తమ్ముణ్ని పంపి, వాడు దార్లోనే చదివేస్తాడేమోనని వాకిట్లో నిలబడిన అక్కలు ఎందరో!

ఒక్క పత్రిక అయిదిళ్లు తిరిగేది. పుస్తకాల దుకాణంలో నవల రోజుకింత అని అద్దెకు దొరికేది. పావలా, అర్ధరూపాయి. ఒక్క రాత్రిలో పూర్తిచేసి పొద్దున్నే తిరిగిస్తే ఒక రోజు అద్దె మిగులుతుంది. అందుకే ఆ తరం ఆడవాళ్లు అంత వేగంగా చదవడం నేర్చుకున్నారేమో.

ఇక్కడ ఒక లెక్క గుర్తు పెట్టుకోవాలి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో అన్ని జిల్లాలకన్నా తక్కువ. ఆడవాళ్లది అంతకన్నా తక్కువే. 1970లలో ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి. అలాంటి చోట నవల ఒంటరిగా చదువుకునేది కాదు. పదో తరగతి చదివిన కోడలు పైకి చదివితే, బియ్యం ఏరుతూ అత్త, బీడీలు చుడుతూ ఆడబిడ్డ, గడప దగ్గర కూర్చున్న పక్కింటామె వినేవారు. ‘ఇంక చాలు, పొయ్యి మీద అన్నం చూసిరా’ అని అత్త అన్నా, అన్నం దించాక ‘ఆ పిల్ల ఏమన్నది మరి?’ అని అడిగేదీ ఆ అత్తే.

జయంతి జవాబు కోసం

ఆ పిల్ల పేరు చాలాసార్లు జయంతి. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ నాయిక. జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చి, పుస్తకమై, 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా అయిన నవల. కథ అందరికీ తెలిసిందే. మధ్యతరగతి అమ్మాయి, ఉద్యోగం అవసరం. ఆస్తి, అందం, అహం మూడూ ఉన్న రాజశేఖరం. ఆయన ఆఫీసులో ఈమె సెక్రటరీ. ఆ తర్వాత ఏళ్ల తరబడి తెలుగు ఆడపిల్లలు పెళ్లిచూపులకు వచ్చిన ప్రతివాడిలో రాజశేఖరాన్ని వెతుక్కున్నారని వేళాకోళం చేస్తారు. చేసుకోనివ్వండి.

ఒక్కసారి మళ్లీ చదివి చూడండి. రాజశేఖరం కోసం కాదు, జయంతి కోసం. జీతం ఇచ్చేవాడి ముందు తల దించుకోకుండా మాట్లాడే అమ్మాయి ఆమె. 1960లలో మన ఇళ్లల్లో ఆడపిల్ల టైపు నేర్చుకోవడానికి వెళ్లడమే ఓ యుద్ధం. టీచరుగా, క్లర్కుగా, నర్సుగా అప్పుడప్పుడే గడప దాటుతున్న అమ్మాయికి, ఆఫీసులో మగవాడితో ఎలా మాట్లాడాలో ఇంట్లో చెప్పేవాళ్లెవరు? అమ్మకు తెలీదు. నాన్న చెప్పడు. జయంతి చెప్పింది. ఆ నవల అన్నేళ్లు నిలవడానికి కారణం కారూ బంగళా అని నేననుకోను. ఆ కారు తలుపు తీసినప్పుడు ‘నేను బస్సులో వెళ్తాను’ అనగలిగే ఆడపిల్ల తత్వమే కారణం.

ఇది మనకే సొంతమైన కథ కూడా కాదు. 1813లో ఇంగ్లండ్‌లో జేన్ ఆస్టిన్ రాసిన ‘ప్రైడ్ అండ్ ప్రిజుడిస్’లో డార్సీ ధనవంతుడు, అహంభావి. ఎలిజబెత్‌కు కట్నం లేదు, నోరు మాత్రం ఉంది. మొదటిసారి అతను పెళ్లి చేసుకుంటానంటే ఆమె కాదంటుంది. ఆ ‘కాదు’ దగ్గరే ప్రపంచంలో సగం ప్రేమ నవలలు పుట్టాయి. ఇలాంటి ఇంగ్లిష్ నవలలను మన ఇల్లాళ్లకు పరిచయం చేసిన ఘనత మాలతీ చందూర్‌ది. స్వాతి మాసపత్రికలో ‘పాతకెరటాలు’ శీర్షిక కింద ఒక్కో నవలను చక్కని తెలుగులో కథగా చెప్పేవారు. ఇంగ్లిష్ రాని గృహిణి కూడా డార్సీ గురించి మాట్లాడగలిగిందంటే ఆవిడ చలవే. ఆమె నవల ‘హృదయనేత్రి’కి 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ‘ప్రమదావనం’ శీర్షికలో ఇచ్చిన సలహాల వల్ల నవలాకారిణిగా ఆమె కాస్త మరుగున పడ్డారనిపిస్తుంది.

యద్దనపూడి మీద ఫిర్యాదులు లేవా అంటే, ఉన్నాయి. ఆవిడ నవలల్లో డబ్బు సమస్య చివరికి పెళ్లితోనే తీరిపోతుంది. నాయిక ఆత్మాభిమానం మూడొందల పేజీలు తల ఎత్తుకుని నిలబడి, చివరి పది పేజీల్లో అతని ఛాతీ మీద వాలిపోతుంది. ఆ తర్వాత ఆమె ఉద్యోగం ఏమైంది? ఎవరూ అడగరు. అయినా ఆమె చెప్పే నేర్పు గొప్పది. ‘మీనా’ తీసుకోండి. డాబుసరి తల్లి చాటున పట్నంలో పెరిగిన అమ్మాయి పల్లెటూళ్లోని మేనమామ ఇంటికి వెళ్లి మనుషుల్ని నేర్చుకోవడం అందులో కథ. 1973లో విజయనిర్మల దాన్ని సినిమాగా తీశారు. 2016లో వచ్చిన ‘అ ఆ’ చూసి అమ్మలందరూ ‘ఇది మన మీనా కదే!’ అన్నారు. నలభై ఏళ్లు దాటినా గుర్తుపట్టారంటే ఆ కథ వాళ్లలో ఎంత లోతుగా దిగిందో. సులోచనారాణి 2018లో అమెరికాలో కన్నుమూశారు.

ఒక్కటే చదవగలిగితే

నన్నడిగితే, ఆ సందుగలోంచి ఒక్క పుస్తకమే బయటికి తీసే వీలుంటే డాక్టర్ పి.శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ తీస్తాను. 1957లో ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా మొదలై, మరుసటి ఏడాది పుస్తకమైంది. యద్దనపూడి యుగానికి ముందే వచ్చింది. చదువుతుంటే మాత్రం ఆ తర్వాతెప్పుడో రాసినట్టుంటుంది.

విశాఖపట్నంలో ఓ ఇల్లు. కింద ఇందిర, ఆమె తండ్రి. మేడ మీద వైద్య విద్యార్థి ప్రకాశం. ఇందిర ఉద్యోగం చేస్తుంది. తండ్రిని పోషించేది ఆమే. ఆమెకు ప్రకాశం అంటే ఇష్టం. అతను మంచివాడే, వెన్నెముకే తక్కువ. మామయ్య వచ్చి రమ్మంటే వెళ్లిపోయే రకం. మామూలు నవలలో అయితే ఇందిర ఏడ్చి, విషం తాగి, ఉత్తరం రాసి చచ్చిపోవాలి. లేదా అతను మనసు మార్చుకుని వచ్చేదాకా తులసికోట చుట్టూ తిరగాలి. ఈ ఇందిర ఆ రెండూ చేయదు. తన మీద జాలి పడే హక్కు ఎవరికీ ఇవ్వదు. ఆమె చేసేవన్నీ మనకు నచ్చవు. కొన్నిసార్లు స్వార్థం కనిపిస్తుంది, కొన్నిసార్లు ఎదుటివాళ్లను నొప్పిస్తుంది. కానీ పుస్తకం మూసేసరికి, మంచిదైన కల్యాణి కన్నా ఈ ఇందిరే మన వెంట వస్తుంది. ‘చెడ్డ’ ఆడదాన్ని కథ మధ్యలో నిలబెట్టి, శిక్ష వేయకుండా వదిలిన తెలుగు నవలలు అంతకు ముందు ఎన్నున్నాయి?

రాసిన శ్రీదేవి స్వయంగా డాక్టరు. ఈ ఒక్క నవలతోనే నిలిచిపోయారు. 1961లో, ముప్ఫై రెండేళ్ల వయసులోనే చనిపోయారు. రెండేళ్లకు ‘చదువుకున్న అమ్మాయిలు’ పేరుతో సినిమా వచ్చింది. సినిమాలో పాటలు బావుంటాయి. ఇందిర కోసం మాత్రం పుస్తకమే చదవాలి.

దాని పక్కనే రంగనాయకమ్మ ‘స్వీట్ హోమ్’ పెట్టండి. భార్యాభర్తలు పోట్లాడుకుంటూ, నవ్వుకుంటూ, ఇల్లంటే ఏమిటో నేర్చుకునే నవల. కొత్తగా పెళ్లయిన జంటకు మిక్సీ బదులు దీన్నివ్వొచ్చు. ఆవిడదే ‘బలిపీఠం’ దీనికి పూర్తిగా వేరు. బ్రాహ్మణ వితంతువు, దళిత యువకుడు పెళ్లి చేసుకున్నాక ఏమవుతుందో రాశారు. పెళ్లి జరిగితే ప్రేమ గెలిచినట్టే అనే లెక్కను ఆ నవల ఒప్పుకోదు. 1975లో దాసరి నారాయణరావు దర్శకత్వంలో శోభన్‌బాబు, శారదలతో సినిమా అయింది. కోడూరి కౌసల్యాదేవి ‘ప్రేమనగర్’, ‘చక్రభ్రమణం’ కూడా సినిమాలుగానే ఇవాళ్టి వాళ్లకు తెలుసు. ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ అయింది. ఈ రెండూ తీరిక ఉంటే చదవండి, లేకపోతే సినిమా చూసినా పెద్ద నష్టం లేదు.

‘ముచ్చట’ అంటే ఏమిటి?

ఇప్పుడు ఆ గుచ్చుకునే ప్రశ్న. పైన చెప్పిన నవలలన్నీ ఎక్కడ జరుగుతాయి? విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాద్, లేదా కాలువ పక్కన కొబ్బరిచెట్లున్న పల్లెటూరు. రాజశేఖరం కారు జూరాల గట్టు మీదికి రాలేదు. నల్లమల దారి పట్టలేదు. వనపర్తి కోట ముందు ఆగలేదు. నాయిక ‘అలాగేనండీ’ అంటుంది. మన ఇంట్లో ఎవరూ అలా అనరు. ‘గట్లనే’ అంటారు. ‘గట్లనే’ అనే మనిషి ఆ నవలల్లో ఎప్పుడైనా కనిపిస్తే పాలు పోసేవాడో, గేటు దగ్గర జవానో. కథలో ప్రేమించేవాళ్లది ఒక భాష, తలుపు తీసేవాళ్లది ఒక భాష. వేల పేజీలు చదివిన పాలమూరు అమ్మాయి, తన నోటి మాటలో ప్రేమ కథ ఉండదు కాబోలని మనసులో ఎక్కడో ఒప్పేసుకుంది.

దాన్ని ఒప్పుకోని ఒకామె ఉంది. ఆమె ఊరు బిజినేపల్లి, ఇప్పటి నాగర్‌కర్నూలు జిల్లాలో మండల కేంద్రం. పాకాల యశోదారెడ్డి అక్కడ 1929లో పుట్టారు. హైదరాబాద్ వెళ్లి చదువుకుని, హరివంశాల మీద పరిశోధన చేసి, ఉస్మానియాలో తెలుగు ప్రొఫెసర్ అయ్యారు. చిత్రకారుడు పి.టి.రెడ్డి ఆమె భర్త. 1990 నుంచి 93 దాకా అధికార భాషా సంఘానికి అధ్యక్షురాలు. ఇంత పాండిత్యం, ఇంత పదవి ఉన్న మనిషి కథ రాయడానికి కూర్చుంటే, పుస్తకాల తెలుగును పక్కన పెట్టి చిన్నప్పుడు తన వాకిట్లో విన్న మాటనే పట్టుకుంది. 1973లో వచ్చిన ఆ పుస్తకం ‘మావూరి ముచ్చట్లు’. తర్వాత ‘ఎచ్చమ్మ కథలు’, ‘ధర్మశాల’ వచ్చాయి. ఆమె 2007లో చనిపోయారు.

ఆ ‘ముచ్చట’ అన్న మాట దగ్గరే ఒక్క నిమిషం ఆగండి. కోస్తాలో ముచ్చట అంటే కోరిక, ముద్దు. ‘ముచ్చటపడి కొన్నాను’, ‘ముచ్చటగా ఉంది’ అంటారు. మన దగ్గర ముచ్చట అంటే మాట, సంభాషణ, కబురు. ‘ఇద్దరూ ముచ్చట పెట్టుకుంటున్నరు’ అంటే కూర్చుని మాట్లాడుకుంటున్నారని. ప్రేమ అనే దాన్ని ఇంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు? కారు కాదు, బంగళా కాదు. పొద్దు గూకినాక గడపలో కూర్చుని ముచ్చట పెట్టుకోవడానికి ఒక మనిషి.

యశోదారెడ్డివి ‘ప్రేమకథలు’ కావు. వాటిలో హీరో రాడు. ఊరొస్తుంది. పండుగలు, పెండ్లిళ్లు, పెత్తనాలు, ఆడవాళ్ల సాధింపులు, అడుగడుగునా ఓ సామెత. మొదటి రెండు పేజీలు కష్టంగానే ఉంటాయి, ముఖ్యంగా ఇంగ్లిష్ మీడియం పిల్లలకు. పైకి చదివితే తేలిక. అవి చెవికోసం రాసిన కథలు. ఇందాకటి అత్త, ఆడబిడ్డ, గడప దగ్గరి పక్కింటామె, వాళ్లు మాట్లాడుకునేది మాట్లాడుకున్నట్టే పుస్తకంలోకి ఎక్కిన సందర్భం ఇది. మనవాళ్లు దీన్ని పరీక్షలో అడిగే రెండు మార్కుల ప్రశ్నగా మార్చేశారు. ‘మావూరి ముచ్చట్లు రచయిత్రి ఎవరు?’ అంటే గ్రూప్స్‌కు చదివే పిల్లలందరూ చెబుతారు. చదివినవాళ్లు ఎందరో చేతులెత్తమనండి చూద్దాం!

నవల రాజ్యంలోకి నేరుగా నడిచి వెళ్లిన మన మనిషి కూడా ఒకరున్నారు. వనపర్తి ప్రాంతపు రచయిత్రి పోల్కంపల్లి శాంతాదేవి. ఆమె నవల ‘చండీప్రియ’ 1980లో శోభన్‌బాబు, జయప్రద, చిరంజీవిలతో సినిమాగా వచ్చింది. సీరియల్ రచయిత్రులంటే కృష్ణా, గోదావరి జిల్లాల వాళ్లే అనుకునే రోజుల్లో, పాలమూరు నుంచి ఒకామె పేరు వెండితెర మీద పడింది. శంషాబాద్‌లో పుట్టిన మాదిరెడ్డి సులోచన కూడా అదే కాలంలో రాష్ట్రమంతా చదివిన నవలలు రాశారు. వీళ్లిద్దరి పుస్తకాలు ఇవాళ కొత్త ముద్రణల్లో కన్నా పాత పుస్తకాల గుట్టల్లోనే ఎక్కువ కనిపిస్తాయి. దొరికితే వదలకండి.

‘మీ దగ్గర కవులెక్కడున్నారు?’ అని ఒకప్పుడు తెలంగాణను అడిగితే, గద్వాల ప్రాంతం నుంచి వెళ్లిన సురవరం ప్రతాపరెడ్డి మాటతో జవాబివ్వలేదు. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వేసి 354 మంది కవులను వరసగా నిలబెట్టారు. అందులో కవయిత్రులూ ఉన్నారు. మన రచయిత్రుల కథలకూ నవలలకూ అలాంటి సంచిక ఒకటి వేయాల్సిన పని ఇంకా మిగిలే ఉంది.

రాయని నవల

పాలమూరు ప్రేమకథ అంటే నాకు ఒకటే కళ్ల ముందు మెదులుతుంది. అదింకా నవల కాలేదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, రోడ్డు వేసినా ‘పాలమూరు లేబర్’ అన్న మాట వినబడేది. మేస్త్రీ దగ్గర ముందే డబ్బు తీసుకుని, సంక్రాంతి దాటాకో ఉగాది దాటాకో మూటాముల్లె కట్టుకుని పోయేవారు. పిల్లలు అవ్వ దగ్గర. భార్యాభర్తలు ఒక చోటికి పోతే అదృష్టం. ఒకరు పోయి ఒకరు మిగిలితే, తిరిగొచ్చేదాకా ఆమెకు అతను ఒక కబురు మాత్రమే. తర్వాతి రోజుల్లో ఒక ఫోన్ కాల్. ఎడబాటు గురించి మన కావ్యాల్లో పేజీలకు పేజీలున్నాయి. మేఘంతో కబురు పంపడాలు, చంద్రుణ్ని తిట్టడాలు. కూలికి పోయినవాడి ఎడబాటుకు మాత్రం నవలలో చోటు తక్కువ.

పాటలో దొరికింది. నాగర్‌కర్నూలు జిల్లా గౌరారం నుంచి వచ్చిన గోరటి వెంకన్న పాటల్లో పల్లె ఏడుస్తుంది, నవ్వుతుంది, అలుగుతుంది. 2021కి కేంద్ర సాహిత్య అకాడమీ ఆయన ‘వల్లంకి తాళం’కు పురస్కారం ఇచ్చింది. పాట చేరిన చోటికి నవల ఎందుకు చేరలేదంటే, నవల రాయడానికి తీరిక కావాలి, ఒక గది కావాలి, రెండేళ్ల పాటు కడుపు నిండాలి. కూలి తల్లి కూతురికి అవి ఇప్పుడిప్పుడే అందుతున్నాయి. ఈ మూడు జిల్లాల డిగ్రీ కాలేజీల్లో ఇవాళ చదువుకుంటున్న అమ్మాయిల్లో, అవ్వ దగ్గర పెరిగిన పిల్లలున్నారు. అమ్మానాన్నల పెళ్లి ఎలా నిలబడిందో వాళ్లకే తెలుసు. ఆ నవల రాయాల్సింది వాళ్లే.

అలా రాయొచ్చని ధైర్యం కావాలంటే ఇద్దరిని చదవండి. జాజుల గౌరి కథలు ‘మన్నుబువ్వ’. అన్నం, ఆకలి, అమ్మ గురించి తెలంగాణ దళిత ఇంటి నుంచి వచ్చిన కథలు. ఇంకొకరు ఎండపల్లి భారతి. చిత్తూరు జిల్లా పల్లెలో ఉంటూ, తన యాసలోనే ‘ఎదారి బతుకులు’ కథలు రాశారు. చిన్న చిన్న కథలు. ఒక్కోటి చదవడానికి టీ తాగినంత సేపు చాలు. మొగుడూపెళ్లాల మధ్య కోపం, సరసం రెండూ ఆమె కథల్లో ఒకే వాక్యంలో ఇమిడిపోతాయి.

ఫోన్లోకి వచ్చిన రాజశేఖరం

పత్రికల్లో సీరియల్ జోరు తగ్గిందని, ‘చతుర’ 2021లో ఆగిపోయిందని బాధపడేవాళ్లు ఒక్కసారి ఇంట్లో అమ్మాయి ఫోన్ చూడండి. (అడిగి చూడండి.) 2014లో మొదలైన ప్రతిలిపి లాంటి యాప్‌లలో తెలుగు ప్రేమ సీరియల్స్ కుప్పలుగా ఉన్నాయి. రాసేవాళ్లలో గృహిణులు, ఉద్యోగినులు చాలామంది. రోజుకో భాగం, కింద పాఠకుల మాటలు, ‘తర్వాతి భాగం ఎప్పుడు అక్కా?’ అన్న తొందర. వారపత్రిక కోసం వాకిట్లో నిలబడిన ఆ పాత అక్క తొందరే ఇది. మారింది దారి ఒక్కటే. అట్ట లేదు, దారం లేదు.

వాటిలో మంచివీ ఉన్నాయి. కానీ ఒక మూస పదే పదే ఎదురవుతుంది. కోపిష్టి బాస్, అమాయకపు అమ్మాయి, బలవంతపు పెళ్లి, ఆ తర్వాత ప్రేమ. రాజశేఖరం మళ్లీ వచ్చాడు, అదీ చెయ్యెత్తే అలవాటుతో. జయంతి మాత్రం రాలేదు. ఎదురు జవాబు చెప్పే పిల్ల లేకుండా మిగిలిన రాజశేఖరం ఎంత ప్రమాదమో అమ్మలకు తెలియంది కాదు. ఫోన్ లాక్కుంటే పని జరగదు. దాని పక్కన ఇంకో పుస్తకం పెట్టాలి.

ఏది పెట్టాలి? పద్దెనిమిది దాటిన అమ్మాయికైతే ఓల్గా ‘స్వేచ్ఛ’. 1987లో వచ్చింది. ప్రేమించినవాణ్నే పెళ్లి చేసుకుంటుంది ఇందులో నాయిక. ఇంట్లో దొరకని స్వేచ్ఛ పెళ్లిలో దొరుకుతుందనుకుంటుంది. నవల అక్కడి నుంచి మొదలవుతుంది. యద్దనపూడి కథ ఎక్కడ ముగిస్తుందో ఓల్గా కథ అక్కడ మొదలుపెడుతుంది, అంతే తేడా. అది చదివి ఇంట్లో వాదన వస్తే రానివ్వండి. ఓల్గాదే ‘విముక్త’కు 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. సీత ఒక్కొక్కరినే కలుస్తుంది. శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ. రామాయణం తెలిసిన నాయనమ్మలకు ఇది మనవరాళ్ల కన్నా బాగా పడుతుంది. కోప్పడినా పడొచ్చు, పుస్తకం మాత్రం కింద పెట్టరు.

నడివయసు వాళ్లకు కె.ఎన్.మల్లీశ్వరి ‘నీల’. 2017లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది. పెద్ద పుస్తకం, సెలవుల్లో మొదలుపెట్టండి. ఒక స్త్రీ చిన్నతనం నుంచి పెళ్లి, ఒంటరితనం, మళ్లీ ప్రేమ దాకా సాగుతుంది. నలభై దాటిన ఆడదానికి మనసుంటుందా అని అడిగే లోకానికి కోపం లేకుండా, తొందర లేకుండా చెప్పిన జవాబు. మధ్యలో కొన్ని చోట్ల ఉద్యమాల చర్చ ఎక్కువైందనిపిస్తుంది. నీల తిరిగి రాగానే సర్దుకుంటుంది. చిన్న కథలు కావాలంటే మానస ఎండ్లూరి ‘మిళింద’. 2020లో యువ పురస్కారం అందుకుంది. కులం, మతం, ఇష్టం, పెళ్లి విషయంలో ఈ తరం ఎలా ఆలోచిస్తుందో పెద్దవాళ్లకు తెలియాలంటే, పిల్లలను ఆరా తీసేకంటే ఈ కథలు చదవడం మేలు.

కొనాలంటే ఖర్చే. మనం కట్టే ఆస్తి పన్నులో గ్రంథాలయ పన్ను కూడా ఉందని చాలామందికి తెలీదు. ఆ డబ్బుతోనే గ్రంథాలయాలు నడుస్తాయి. ఇప్పుడు ఏ ఊరి గ్రంథాలయానికి వెళ్లినా కుర్చీలన్నీ ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలతో నిండి ఉంటాయి. వాళ్లను కదపక్కర్లేదు. నవలల బీరువా తాళం ఎక్కడుందని అడగండి చాలు. ఫలానా పుస్తకం తెప్పించండని కాగితం మీద రాసివ్వండి. అడిగేవాళ్లుంటేనే బీరువా తెరుచుకుంటుంది.

‘మావూరి ముచ్చట్లు’ చేతికొస్తే మాత్రం ఒంటరిగా చదవకండి. రాత్రి భోజనాలయ్యాక టీవీ ఆపి, అమ్మమ్మనో నాయనమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదవండి. రెండో పేజీ దాటకముందే ఆమె మిమ్మల్ని ఆపుతుంది. ‘గట్ల కాదు బిడ్డా, ఇట్ల అనాలె’ అని ఒక మాట పలికి చూపిస్తుంది. ఆ తర్వాత ఆ మాట తనతో ఎవరన్నారో, ఎప్పుడన్నారో మొదలుపెడుతుంది. పుస్తకం ఆ రాత్రికి ముందుకు సాగదు.